క్లచ్ కేబుల్ సర్దుబాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

బండి బాగానే నడుస్తున్నంత కాలం క్లచ్ కేబుల్ ఎవరికీ గుర్తుకు రాదు. గేరు పడనని మొరాయించినప్పుడో, ఎత్తు ఎక్కుతూ ఇంజిన్ ఊరికే అరిచినప్పుడో గుర్తుకు వస్తుంది. అప్పటికి ప్లేట్లకు జరగాల్సిన నష్టం కొంత జరిగిపోయి ఉంటుంది. ఒక స్కేలు, ఒకటి రెండు పానాలు, పది నిమిషాల తీరిక ఉంటే ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా కేబుల్‌తో పనిచేసే క్లచ్ ఉండి, క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే మోటార్‌సైకిళ్ల గురించి.

ఫ్రీ ప్లే అంటే ఏమిటి?

హ్యాండిల్ మీది క్లచ్ లివరును వేలితో మెల్లగా లాగి చూడండి. మొదట కొంత దూరం ఏ బరువూ లేకుండా వస్తుంది. తరువాత ఒక చోట చేతికి ఎదురు తగులుతుంది. క్లచ్ స్ప్రింగుల బరువు తెలియడం అక్కడి నుంచే మొదలవుతుంది. బరువు లేకుండా వచ్చిన ఆ మొదటి దూరమే ఫ్రీ ప్లే. లూజు అని కూడా అంటారు. సర్దుబాటు అంటే ఆ దూరాన్ని ఉండాల్సినంత ఉంచడమే, అంతకు మించి మరేమీ లేదు.

అది ఎంత ఉండాలి?

మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుది మాట. చాలా బండ్లకు లివరు కొన దగ్గర కొలిస్తే 10 నుంచి 20 మిల్లీమీటర్లు చెబుతారు. కొన్ని కంపెనీలు కొన దగ్గర కాకుండా లివరు మొదట్లో, అంటే లివరుకూ దాన్ని పట్టుకున్న బ్రాకెట్‌కూ మధ్య తెరుచుకునే సందును కొలవమంటాయి. అక్కడ 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. రెండు అంకెలకూ వైరుధ్యం ఏమీ లేదు. లివరు పొడవు వల్ల మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్ల కదలిక కొనకు వచ్చేసరికి అన్ని రెట్లు పెరుగుతుంది. మాన్యువల్ ఏ చోట కొలవమందో చూసి అక్కడే కొలవండి. కొన దగ్గర చెప్పిన అంకెను మొదట్లో ఉంచితే క్లచ్ అసలు విడవదు.

కొలిచేటప్పుడు ఏం గమనించాలి?

ఇంజిన్ చల్లగా ఉండాలి. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. స్కేలును హ్యాండిల్ గ్రిప్ దగ్గర ఆనించి, లివరు కొన చివరి గుండు స్కేలు మీద ఎక్కడుందో చూసుకోండి. తరువాత ఒక్క వేలితో, ఎదురు తగిలే దాకా మాత్రమే లాగి మళ్లీ చూడండి. గుప్పిటతో పట్టుకుని లాగితే స్ప్రింగు బరువు ఎక్కడ మొదలైందో తెలియదు, కొలత ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. నాలుగైదు సార్లు చేస్తే వేలికే అలవాటవుతుంది. ఆ తరువాత స్కేలు లేకపోయినా తేడా తెలిసిపోతుంది.

లూజు అసలు ఎందుకు? పూర్తిగా బిగించి ఉంచితే క్లచ్ ఇంకా చురుగ్గా పనిచేస్తుంది కదా?

చాలామంది పడే పొరపాటు ఇదే, ఖరీదైన పొరపాటు కూడా ఇదే. క్లచ్‌లో రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటి పేర్చి ఉంటాయి. స్ప్రింగులు ప్రెషర్ ప్లేట్ ద్వారా ఆ దొంతరను గట్టిగా అదిమి పడతాయి. ఆ అదుము వల్లే ఇంజిన్ బలం గేరుబాక్సుకు చేరుతుంది. మీరు లివరు లాగినప్పుడు కేబుల్ రిలీజ్ ఆర్మ్‌ను తిప్పుతుంది, ఆ ఆర్మ్ ప్రెషర్ ప్లేట్‌ను దొంతర నుంచి కాస్త ఎడం చేస్తుంది, ప్లేట్లు విడివడతాయి.

కేబుల్‌లో లూజు లేదంటే మీ చెయ్యి లివరు మీద లేకపోయినా కేబుల్ ఆ ఆర్మ్‌ను లాగుతూనే ఉంటుంది. స్ప్రింగుల అదుములో కొంత భాగం ప్లేట్లకు చేరదు. మామూలుగా నడిపేటప్పుడు తెలియకపోవచ్చు. ఇద్దరు ఎక్కి ఎత్తు ఎక్కేటప్పుడు ప్లేట్లు జారతాయి. జారితే వేడి పుడుతుంది, వేడికి రాపిడి పొర నునుపెక్కుతుంది, నునుపెక్కాక ఇంకా జారుతుంది. చివరికి మాడిన వాసన వస్తుంది. కారులో క్లచ్ పెడల్ మీద కాలు పెట్టుకుని దారంతా నడపడం ఎలాంటిదో లూజు లేని కేబుల్‌తో బండి నడపడం అలాంటిది. రిలీజ్ బేరింగు కూడా విశ్రాంతి లేకుండా తిరిగి అరుగుతుంది.

మరి లూజు ఎక్కువైతే?

దానికి వ్యతిరేకం. లివరు పూర్తిగా లాగినా ప్లేట్లు చాలినంత విడివడవు. లివరు పట్టుకుని మొదటి గేరు వేయగానే బండి ముందుకు ఒరుగుతుంది. గేర్లు ‘టక్’మని మోత చేస్తూ పడతాయి. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరకక కాలితో పైకీ కిందకీ తడుముకోవాల్సి వస్తుంది. ఇది గేరుబాక్సుకు మంచిది కాదు. అయితే జారే క్లచ్ కంటే దీని గుర్తులు తొందరగా బయటపడతాయి, కాబట్టి మనిషి తొందరగా మేలుకుంటాడు.

అడ్జస్టర్‌ను బయటికి విప్పుతుంటే కేబుల్ బిగుతవుతోంది. ఇదేమి విచిత్రం?

ఈ ఒక్క విషయం అర్థమైతే ఇక ఏ బండి కేబుల్ అయినా తికమక పెట్టదు. కేబుల్ అంటే రెండు భాగాలు: లోపల ఉక్కు తీగ, బయట గట్టి కవరు. తీగ లాగుతుంది, కవరు ఆ లాగుడుకు ఎదురు నిలబడుతుంది. బోడెన్ అనే వ్యక్తి పేరు మీద 1896 నాటి పేటెంటుతో ప్రసిద్ధికెక్కిన ఏర్పాటు ఇది. సైకిల్ బ్రేకుల్లోనూ ఇదే ఉంటుంది.

తీగ పొడవు మారదు. అడ్జస్టర్‌ను విప్పి బయటికి తెస్తే కవరు చివర లివరు నుంచి దూరంగా జరుగుతుంది. అంటే కవరు పొడవు పెరిగినట్టే. అదే తీగ ఇప్పుడు ఎక్కువ దూరం చుట్టి రావాలి. కాబట్టి లూజు తగ్గుతుంది. లోపలికి బిగిస్తే కవరు పొట్టిదవుతుంది, లూజు పెరుగుతుంది. ఇంజిన్ వైపు చివర కూడా ఇదే సూత్రం: కవరు కొస రిలీజ్ ఆర్మ్ నుంచి దూరం జరిగితే బిగుతు, దగ్గరకు జరిగితే లూజు. కుడికా ఎడమకా అని గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కవరు కొస ఎటు జరుగుతోందో కళ్లతో చూడండి.

సర్దే పద్ధతి చెప్పండి.

లివరు దగ్గర రబ్బరు తొడుగు ఉంటే వెనక్కి జరపండి. లోపల అడ్జస్టర్, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టు కనిపిస్తాయి. చాలా బండ్లలో ఈ రెండూ వేళ్లతో తిప్పడానికి వీలుగా గరుకు అంచుతో ఉంటాయి. ముందు లాక్ నట్టు వదులు చేయండి. తరువాత అడ్జస్టర్‌ను సగం చుట్టు తిప్పి, లివరు రెండుసార్లు పూర్తిగా లాగి వదిలి, మళ్లీ కొలవండి. ఒకేసారి నాలుగు చుట్లు తిప్పితే ఎక్కడ మొదలుపెట్టారో మరిచిపోతారు.

కొలత వచ్చాక లాక్ నట్టు బిగించండి. బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా దాంతో పాటు కొద్దిగా తిరుగుతుంది. అందుకే దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఉండాలి, బిగించాక మరోసారి కొలవాలి. అడ్జస్టర్‌లోనూ లాక్ నట్టులోనూ కేబుల్ బయటికి తీయడానికి ఒక సన్నని కోత ఉంటుంది. పని ముగించాక ఆ రెండు కోతలు, లివరు బ్రాకెట్‌లోని కోతా ఒకే వరుసలో ఉండకుండా చూడండి. ఒకే వరుసలో ఉంటే కేబుల్ జారి ఊడిపోవచ్చు. కోత ఆకాశం వైపు తెరిచి ఉంటే వాన నీరు నేరుగా కవరులోకి దిగుతుంది. రబ్బరు తొడుగును మళ్లీ కప్పడం చాలామంది మరిచిపోతారు. దాని పని ఆ నీటిని, దుమ్మును ఆపడమే.

ఆ తరువాత ఇంజిన్ స్టార్ట్ చేసి, లివరు లాగి మొదటి గేరు వేయండి. బండి లాగకూడదు, ఇంజిన్ ఆగకూడదు. లివరు వదులుతుంటే మధ్యలో ఎక్కడో మెల్లగా అందుకోవాలి.

పైన లివరు దగ్గర సర్దాలా, కింద ఇంజిన్ దగ్గరా?

చిన్న తేడాకు పైన. పై అడ్జస్టర్ మరలు సగానికి పైగా బయటికి వచ్చేశాయంటే ఇక అక్కడ ఆపండి. కొన్ని మరల మీదే నిలిచిన అడ్జస్టర్ వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. పై అడ్జస్టర్‌ను దాదాపు పూర్తిగా లోపలికి బిగించి, కింద రెండు నట్ల మధ్య కవరు కొసను జరిపి పెద్ద సర్దుబాటు చేయండి. చివరి మిల్లీమీటరు మళ్లీ పైన చూసుకోవచ్చు. కింది నట్లు బ్రాకెట్‌కు అటొకటి ఇటొకటి ఉంటాయి. ఒకదాన్ని వదులు చేసి రెండోదాన్ని జరిపి, చివరకు రెండింటినీ బ్రాకెట్‌కు ఎదురెదురుగా బిగించాలి.

కొన్ని ఇంజిన్లలో వీటికి తోడు క్లచ్ కవరు దగ్గర ఒక స్క్రూ, దానికి లాక్ నట్టు ఉంటాయి. అలాంటి బండిలో ముందు కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, ఆ స్క్రూను మాన్యువల్ చెప్పినట్టు సరిచేసి, ఆ తరువాతే కేబుల్ జోలికి రావాలి. స్క్రూ తప్పుగా ఉంటే కేబుల్‌ను ఎన్నిసార్లు తిప్పినా ఫలితం ఉండదు.

కేబుల్ వాడేకొద్దీ సాగుతుంది కాబట్టి లూజు పెరగాలి. నా బండిలో తగ్గుతోంది. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవారు బండిని శ్రద్ధగా చూస్తున్నారు. జవాబు ప్లేట్లలో ఉంది. రాపిడి ప్లేట్లు అరిగేకొద్దీ దొంతర మందం తగ్గుతుంది. ప్రెషర్ ప్లేట్ ఆ మేరకు లోపలికి కూర్చుంటుంది. దాన్ని కదిలించే రాడ్ కూడా దాంతో పాటే జరిగి రిలీజ్ ఆర్మ్‌ను లాగుడుకు ఎదురు దిశలోకి నెడుతుంది. అంటే మీరు ఏమీ చేయకుండానే ఆర్మ్ కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. ఆ మేరకు కేబుల్‌లో లూజు తగ్గిపోతుంది.

కాబట్టి లూజు ఎటు మారుతోందన్నది కబురు లాంటిది. తగ్గుతుంటే ప్లేట్లు అరుగుతున్నాయి. పెరుగుతుంటే కేబుల్‌లోనో, దాని కొసల్లోనో, లివరు ఇరుసులోనో ఏదో అరుగుతోంది లేదా తెగుతోంది. వేల కిలోమీటర్ల మీద మెల్లగా తగ్గితే అది సహజం, సర్దుకుంటే చాలు. నెల తిరగకుండా రెండుసార్లు వదులు చేయాల్సి వస్తే క్లచ్ విప్పి ప్లేట్ల మందం కొలిపించాలి. వారానికోసారి బిగించాల్సి వస్తే కేబుల్ తెగబోతోంది. సర్దిన ప్రతిసారీ ఎటు తిప్పారో, ఎంత తిప్పారో, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మెకానిక్‌కు మీరు ఇవ్వగల సమాచారంలో దీనికి మించినది లేదు.

తీగ నిజంగా సాగుతుందా అన్నది వేరే ముచ్చట. ఉక్కు తీగ సాగేది బహు తక్కువ. కొత్తలో కవరు లోపలి చుట్లు సర్దుకుని కుదించుకుంటాయి, కొసలు తమ గూళ్లలో కూర్చుంటాయి. దాన్నే మనం సాగడం అంటాం. అందుకే కొత్త కేబుల్ వేసిన కొన్ని వందల కిలోమీటర్లకే ఒకసారి తిరిగి కొలవాలి.

ఇంజిన్ వేడెక్కాక కొలత మారుతోంది. ఏది నమ్మాలి?

చల్లగా ఉన్నప్పటిది, మాన్యువల్ వేరుగా చెబితే తప్ప. వేడికి ఇంజిన్ భాగాలు వ్యాకోచిస్తాయి, కొద్దిపాటి మార్పు మామూలే. వేడెక్కాక లూజు మొత్తం మాయమవుతుంటే మాత్రం చల్లగా ఉన్నప్పుడే చాలినంత ఉంచలేదన్న మాట. పొద్దున బాగుండి సాయంత్రం రద్దీలో జారే క్లచ్‌కు కారణం చాలాసార్లు ఇదే.

హ్యాండిల్ తిప్పితే లూజు మారుతోంది.

మారకూడదు. హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి రెండు చోట్లా లివరు లాగి చూడండి. ఒక వైపు బిగుస్తుంటే కేబుల్ దారి తప్పింది: ఏదో గొట్టం కింద ఇరుక్కుంది, లేదా ఎవరో దాన్ని ప్లాస్టిక్ టైతో గట్టిగా కట్టేశారు. సర్దుబాటుతో దీన్ని దాచకండి, దారి సరిచేయండి.

కేబుల్‌లోకి నూనె వేయాలా?

మాన్యువల్ వద్దని చెప్పకపోతే వేయాలి. కొన్ని కేబుళ్ల కవరు లోపల జారుడు ప్లాస్టిక్ పొర ఉంటుంది. వాటిలో కొన్నింటికి నూనె వద్దని తయారీదారులే చెబుతారు. మిగతావాటికి కేబుళ్ల కోసం అమ్మే పలుచని నూనె మంచిది. పై కొసను విప్పి, కవరు నోట్లో బొట్టు బొట్టుగా పోస్తూ తీగను పైకీ కిందకీ ఆడించండి. కింది కొస నుంచి నూనె ఊరేదాకా ఓపిక పట్టాలి. మొదట నల్లగా వస్తుంది, అది లోపలి మురికి. తేటగా వచ్చేదాకా పోయండి. చిక్కని గ్రీజు కవరులోకి పోదు, పోయినా దుమ్మును పట్టుకుని గడ్డ కడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే ఆ పూటకు హాయిగా అనిపిస్తుంది, కానీ త్వరగా ఆరిపోతుంది.

గ్రీజుకు చోటు వేరే ఉంది: లివరు ఇరుసు బోల్టు, తీగ చివరి గుండు. ఆ గుండు సంగతి కింద చెబుతాను.

కేబుల్ ఎప్పుడు మార్చాలి?

తీగలో ఒక్క పోగు తెగినా మార్చాలి. రెండో పోగు కోసం ఎదురు చూడవద్దు.

కొన్నేళ్ల కిందట నా బండి క్లచ్ నాలుగు రోజులకోసారి లూజవుతుంటే ప్రతిసారీ పైన అర చుట్టు తిప్పి వెళ్లిపోయేవాణ్ని. ఒక ఉదయం లివరు ఇరుసు శుభ్రం చేద్దామని విప్పి, గుండును దాని గూడులోంచి బయటికి లాగాను. గుండు పక్కనే తీగ నుంచి వెంట్రుకలా ఒక పోగు నిలబడి ఉంది. బట్టతో తుడిచి చూస్తే ఒకటి కాదు, ఆరేడు పోగులు విరిగి వెనక్కి మెలితిరిగి ఉన్నాయి. మిగిలినవే నా బరువంతా మోస్తున్నాయి. ఆ రోజు విప్పకపోతే నడిరోడ్డు మీద తెగేది.

కారణం కూడా ఆ గూడులోనే కనిపించింది. లివరు లాగినప్పుడల్లా గుండు తన గూడులో కొద్దిగా తిరగాలి. అక్కడ గ్రీజు ఎండి మట్టితో గట్టిపడింది. గుండు తిరగడం మానేసింది. తిరగనప్పుడు ఆ మెలికను తీగే భరించాలి. లాగిన ప్రతిసారీ అదే చోట వంగుతూ పోగులు ఒక్కొక్కటే విరిగాయి. అప్పటి నుంచి ఆయిల్ మార్చిన ప్రతిసారీ గుండు తీసి, తుడిచి, చిటికెడు గ్రీజు పెడుతున్నాను. చాలా కేబుళ్లు తెగేది ఇక్కడే.

లివరు లాగితే గరగరమంటున్నా, వదిలాక తనంతట తాను చురుగ్గా వెనక్కి రాకపోయినా, కవరు ఎక్కడైనా మడత పడినా, పగిలి లోపలి చుట్టు కనిపిస్తున్నా కూడా మార్చేయండి.

కొత్తది వేసేటప్పుడు జాగ్రత్తలు?

పాతది తీసే ముందు దాని దారిని ఫోనుతో రెండు మూడు ఫోటోలు తీసుకోండి. పాత కేబుల్ కింది కొసకు ఒక దారం కట్టి పైకి లాగితే, ఆ దారమే కొత్తదాన్ని అదే దారిలో తీసుకెళుతుంది. పొడవు పాతదానితో సమానమో కాదో పక్కపక్కన పెట్టి చూడండి. బిగించే ముందు రెండు అడ్జస్టర్లనూ లోపలికి తిప్పి ఉంచితే తీగ గూళ్లలో సులువుగా కూర్చుంటుంది.

సర్దాను, లూజు సరిగ్గా ఉంది. అయినా క్లచ్ జారుతోంది.

ముందు నిజంగా జారుతోందో లేదో తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద, పై గేరులో, మధ్యస్థ వేగంలో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తిప్పండి. ఇంజిన్ మోత ఎగబాకి వేగం దానితో పాటు పెరగకపోతే జారుతోందన్నట్టే. ప్లేట్లు అరిగి ఉండవచ్చు, స్ప్రింగులు నీరసించి ఉండవచ్చు. వీటికంటే ముందు అడగాల్సింది, ఈమధ్య ఆయిల్ మార్చారా అని. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ కొన్నిసార్లు తడి క్లచ్‌ను జారేలా చేస్తుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గుర్తు ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది రాపిడి తక్కువ ఆయిల్, తడి క్లచ్ లేని స్కూటర్ల వంటి వాటికి ఉద్దేశించింది. ఏదైనా సరే, జారుతున్న క్లచ్‌తో దూర ప్రయాణం పెట్టుకోవద్దు. అరిగిన ప్లేట్లతో ఆగే ఖర్చు, వేడికి మాడిన ఉక్కు ప్లేట్ల దాకా పెరుగుతుంది.

లివరు బరువుగా ఉంది. లూజు పెంచితే తేలికవుతుందా?

కాదు. బరువు స్ప్రింగులది, లూజు దాన్ని మార్చదు. మొదట తేలికగా ఉండి తరువాత బరువెక్కిందంటే కేబుల్ ఎండింది, తుప్పు పట్టింది, లేదా ఎక్కడో గట్టిగా వంగింది. కింది కొసను విప్పి తీగను చేత్తో ఆడించి చూడండి. తీగ హాయిగా జారుతుంటే దోషం ఇంజిన్ వైపు ఉంది. రిలీజ్ ఆర్మ్ నిలబడిన కోణాన్ని కూడా గమనించండి. లివరు లాగినప్పుడు కేబుల్‌కూ ఆర్మ్‌కూ మధ్య కోణం లంబంగా ఉన్నంతసేపే లాగుడు పూర్తిగా పనిచేస్తుంది. లంబాన్ని దాటి చాలా దూరం వెళితే అదే పనికి చేతికి ఎక్కువ బలం కావాలి.

నా వేళ్లు పొట్టివి. లివరు దగ్గరగా ఉండేలా లూజు పెంచుకోవచ్చా?

వద్దు. అందే దూరాన్ని మార్చడానికి కొన్ని లివర్లకు వేరే మర ఉంటుంది, లేదంటే అలాంటి లివరు వేయించుకోవచ్చు. దాన్ని మార్చాక లూజును మళ్లీ కొలవాలి.

హైడ్రాలిక్ క్లచ్‌కూ ఇవన్నీ వర్తిస్తాయా?

లేదు. అందులో కేబుల్ ఉండదు. ప్లేట్ల అరుగుదలను ద్రవమే సర్దుకుంటుంది. మీరు చూడాల్సింది ద్రవం మట్టం, దాని రంగు, లివరు మెత్తబడిందా అన్నవి.

దారిలో కేబుల్ తెగితే ఏం చేయాలి?

బండి గేరులో ఉండి నడుస్తుంటే కంగారు పడకండి. యాక్సిలరేటర్ వదిలేసి, రోడ్డు పక్కకు వస్తూ, ఆగే ముందే కాలితో న్యూట్రల్ వెతకండి. దొరకకపోతే ఇంజిన్ ఆపే స్విచ్ నొక్కి బ్రేకు వేయండి. క్లచ్ లేకుండానే గేర్లు మార్చి ఇంటికి చేరిన వాళ్లు ఉన్నారు. యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలి గేరు పైకి నెడితే పడుతుంది కూడా. కష్టమంతా బయలుదేరడంలో, ఆగడంలో ఉంది. సిగ్నళ్లు, జనం ఉన్న రోడ్డు మీద ఆ సాహసం నేను వద్దంటాను, తోసుకుంటూ వెళ్లడమే మేలు.

దూర ప్రయాణాలు చేసేవారు కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే అదే దారిలో అమర్చి, కొసలకు ప్లాస్టిక్ చుట్టి కట్టి ఉంచుకుంటారు. పాతది తెగితే ట్యాంకు విప్పనక్కర్లేదు. రెండు కొసలు మార్చి, లివరు దగ్గర అర చుట్టు తిప్పి, పావుగంటలో బయలుదేరవచ్చు.